ఓటీపీ రాని ఊరికి డాక్టరు ఎట్లా వస్తాడు? మీ ఉత్తరాలు, మా జవాబులు

ఫోనులో వైద్యం మీద ఏమైనా అడగాలనుంటే రాయండని పోయిన సంచికలో అన్నాం. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి దండిగా ఉత్తరాలొచ్చాయి. అన్నీ వేయలేం కాబట్టి ఒకేలాంటివి కలిపేశాం, పేర్లు తీసేశాం, ఊళ్లు మాత్రం ఉంచాం.

ప్రశ్న: మాది కోసిగి దగ్గర పల్లె. నేను బెంగళూరులో బిల్డింగ్ పనుల దగ్గర ఉంటా. మా అమ్మకు బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. చదువు రాదు, చేతిలో చిన్న సెల్లే. డాక్టరుకు చూపించాలంటే ఆదోనికి పోవాలి, ఆ రోజు కూలి పోతాది, ఓపీ లైన్లోనే సగం పొద్దు గడిచిపోతాది. సర్కారు ఈ-సంజీవని యాప్‌లో ఇంటి నుంచే డాక్టరుతో మాట్లాడొచ్చంట కదా సార్, అమ్మకు ఒక టచ్ ఫోను కొనిస్తే సరిపోతాదా?

జవాబు: డాక్టరు కోసమే అయితే కొనొద్దు తమ్ముడూ. అమ్మ మీ మొహం చూసి మాట్లాడుకోవడానికి కొనిస్తానంటే అది వేరే సంగతి, కొనివ్వండి. కానీ చదువు రాని మనిషి చేతికి కొత్త ఫోనిచ్చి, అందులో యాప్ వేసి, నంబరు కొట్టి, ఓటీపీ ఎక్కించి, టోకెన్ తీసుకుని డాక్టరు వచ్చేదాకా స్క్రీన్ ఆరిపోకుండా చూసుకోమంటే ఆమెకు బీపీ తగ్గదు, పెరుగుతుంది.

ఈ-సంజీవనిలో రెండు దారులున్నాయి. మీరు విన్నది ఒకటి, ఇంట్లో కూర్చుని మనమే డాక్టరును పిలుచుకునేది, 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ రోజుల్లో మొదలుపెట్టారు. రెండోది అంతకుముందే, 2019 నవంబరులో వచ్చింది. ఎందుకో గానీ దాని గురించి చెప్పేవాళ్లు తక్కువ. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో విలేజ్ క్లినిక్ ఉంటుంది, ఇప్పుడు బోర్డు మీద ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని రాసి ఉండొచ్చు, జనం మాత్రం ఇంకా సబ్‌సెంటరనే అంటారు. అక్కడుండే సీహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు) నర్సింగ్ చదివిన మనిషి. ఆమె అమ్మకు బీపీ చూసి, వేలికి సూది గుచ్చి షుగర్ చూసి, ఆ లెక్కలు తన దగ్గరున్న ట్యాబ్‌లో ఎక్కించి, హబ్‌లో, అంటే డాక్టర్లుండే కేంద్రంలో, కూర్చున్న డాక్టరును వీడియోలో కలుపుతుంది. డాక్టరు రాసిన చీటీ అక్కడికే వస్తుంది. బీపీకి, షుగర్‌కు మామూలుగా రాసే మందులు చాలావరకు అక్కడే ఉచితంగా ఇస్తారు. ఇందులో అమ్మ దగ్గర ఫోను ఉండాల్సిన పనే లేదు.

నాకైతే ఈ రెండో దారే అసలు దారి అనిపిస్తుంది. ఫోను పట్టుకోవడం తెలిసిన మనిషి ఒకరు పేషెంటు పక్కన ఉంటే చాలు, పేషెంటుకే అన్నీ రావాలనడం దేనికి?

ఇక అమ్మ వెళ్లేటప్పుడు ఏం పట్టుకెళ్లాలో చెబుతా, ఇక్కడే చాలామందికి పని చెడుతుంది. పాత చీటీలు, రక్తపరీక్ష కాగితాలు అన్నీ ఒక కవర్లో పెట్టించండి. చీటీ పోయుంటే మాత్రల షీటైనా తీసుకెళ్లాలి. మన పల్లెల్లో మెడికల్ షాపాయన షీటును కత్తెరతో కత్తిరించి అయిదు మాత్రలిస్తాడు, మందు పేరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది, మన చేతికొచ్చేది ఉత్త వెండిరంగు రేకు. డాక్టరు వీడియోలో ‘ఏం మాత్ర వేసుకుంటున్నావమ్మా’ అంటే ‘తెల్లది సార్, చిన్నది, పొద్దున వేసుకుంటా’ అంటారు. షుగర్‌కు తెల్లది, బీపీకి తెల్లది, గ్యాస్‌కూ తెల్లదే ఉంటే పాపం ఆయనకు ఏం తెలుస్తుంది? అందుకని కొనేటప్పుడే పేరున్న ముక్క ఇమ్మని అడగాలి, షీటులో మాత్రలు ఆ ముక్క వైపు నుంచి కాకుండా రెండో వైపు నుంచి వాడుకుంటూ రావాలి. కాన్పుకో ఆపరేషన్‌కో తప్ప ఆసుపత్రి గడప తొక్కని మా తరం అమ్మలకు ఇది ఎవరో ఒకరు పక్కన కూర్చుని చెప్పాల్సిందే.

వెళ్లే ముందు సీహెచ్‌ఓకు ఫోన్ చేసి డాక్టరు లైన్లో దొరికే వేళ కనుక్కోండి. ఆ వేళకు మీరు బెంగళూరు నుంచి అమ్మ చిన్న సెల్లుకే కాల్ చేసి స్పీకర్ పెట్టించండి. డాక్టరు చెప్పింది మీరూ వింటారు, అమ్మ దాచిపెట్టేవి (మాత్రలు మానేసింది, కాలికి పుండైంది, ఇట్లాంటివి) మీరు చెప్పేయొచ్చు. ఫోను కొందామనుకున్న డబ్బులో కొంత పెట్టి చేతికి కట్టే బీపీ మిషన్ ఒకటి కొనిస్తే, పక్కింటి పిల్లోడెవరైనా రెండు మూడు రోజులు పొద్దునపూట చూసి నోటుపుస్తకంలో రాసిపెడితే, డాక్టరుకు అదే పెద్ద సాయం.

ఒక్కటి గుర్తుంచుకోండి. పాదాలకు స్పర్శ ఉందా లేదా, కంటి లోపలి నరాలు ఎట్లా ఉన్నాయి, కిడ్నీల సంగతేంది అన్నవి వీడియోలో తెలియవు. ఏడాదికొకసారైనా ఆమెను ఆదోనికో కర్నూలుకో తీసుకెళ్లి ఈ మూడూ చూపించాల్సిందే. మత్తు కలిగించే కొన్ని మందులు ఫోనులో రాయకూడదని 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ నిబంధనల్లోనే ఉంది. నిద్రమాత్రలు అడిగితే డాక్టరు రాయకపోవచ్చు, అందుకు ఆయన మీద కోపం తెచ్చుకోవద్దు.

ప్రశ్న: మా అమ్మను ఒక ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోతే ఓపీ చీటీకి ఆభా అనే ఆరోగ్య రికార్డుల నంబరు కావాలన్నారు. చేయించుకుందామంటే ఆధార్‌కున్న నంబరు మా అన్నది, ఆయన పుణెలో డ్యూటీలో ఉన్నాడు, ఫోన్ ఎత్తలేదు. ఓటీపీ లేదని పక్కన నిలబెట్టారు. మా వెనకొచ్చినోళ్లు గోడ మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి టోకెన్ తీసుకుని పోయారు. ఆభా లేకుంటే వైద్యం చేయరా? – ఉరవకొండ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: చేయాలి. ఆభా అనేది ఇష్టమైతే తీసుకునేదే గానీ తప్పనిసరి కాదు. 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతటా మొదలుపెట్టినప్పటి నుంచీ చెబుతున్న మాట ఇదే. అది లేదని ఎవరైనా వెనక్కి పంపితే ‘పేరు, వయసు రాసుకుని మామూలు ఓపీ చీటీ ఇవ్వండి’ అని గట్టిగానే అడగండి అక్కా, అప్పటికీ వినకపోతే ఆసుపత్రి వ్యవహారాలు చూసే డాక్టరు, అంటే ఆర్‌ఎంఓ, గదికి వెళ్లండి. కౌంటరు దగ్గర కూర్చున్న పిల్లలతో గొడవ పెట్టుకుని లాభం లేదు, ఎంతమందికి ఆభా చేశారని పైనుంచి వాళ్లనూ లెక్కలడుగుతుంటారు.

మీరు రాసిన సంగతి చిన్నది కాదు. లైను తగ్గించడానికని పెట్టిన క్యూఆర్ కోడ్, చేతిలో ఫోనున్నోళ్ల లైనును తగ్గించి లేనోళ్ల లైనును అట్లే ఉంచింది. జబ్బు ఎక్కువున్నదీ, వయసు ఎక్కువున్నదీ ఆ రెండో లైనులోనే. ఆసుపత్రి వాళ్లు ఆ కోడ్ పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టి, ఫోను లేనివాళ్లకు వాళ్లే తమ ఫోనులో టోకెన్ తీసిస్తే ఖర్చు ఎంతవుతుంది చెప్పండి!

అయినా ఆభా చేయించుకుని పెట్టుకోమనే చెబుతా. అది 14 అంకెల నంబరు. దానికి కలిపిన ఆసుపత్రుల్లో చేసిన పరీక్షలు, రాసిన చీటీలు, మీరు ఒప్పుకుంటేనే, ఇంకో ఆసుపత్రి డాక్టరు చూడగలడు. అనంతపురం పెద్దాసుపత్రిలో తీసిన రిపోర్టు కర్నూలులో మళ్లీ తీయించుకునే బాధ తప్పితే అదే పదివేలు. ఓటీపీ బెడద లేకుండా వేలిముద్రతో కూడా ఆభా చేయొచ్చు, ఆ మిషన్ ఉన్నచోట అడగండి. ఇంట్లో ఒకరి నంబరుకే ఇద్దరు ముగ్గురి ఆభాలు కలుపుకోవచ్చు. వీలు చూసుకుని అమ్మను ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లి, ఊళ్లో ఉండేవాళ్ల నంబరు ఎక్కించండి. పుణెలో ఉన్న అన్న నంబరు రేషన్‌కూ, పింఛనుకూ కూడా ఇట్లాగే అడ్డం పడుతుంది. అయ్యాక ఆభా కార్డును కాగితం మీద ప్రింట్ తీయించి ఆధార్‌తోపాటు చీటీలుండే కవర్లో పెట్టండి.

ఇంకో చిక్కు కూడా ఉంది, దీని మీదే నాలుగైదు ఉత్తరాలొచ్చాయి. ఆభా కార్డుంటే ఆపరేషన్ ఫ్రీ కదా అని. కాదు. ఆభా రికార్డుల కోసం, అది ఒక్క రూపాయి కట్టదు. డబ్బు కట్టేవి వేరే: కేంద్రం వాళ్ల ఆయుష్మాన్ కార్డు, మన రాష్ట్రంలో ఒకప్పుడు ఆరోగ్యశ్రీ అన్న, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న పథకం. వాటి కింద ఏ జబ్బుకు ఏ ఆసుపత్రి అన్నది 104కు ఫోన్ చేసి అడగొచ్చు, చిన్న సెల్లు నుంచైనా సరే.

ప్రశ్న: మా నాయనకు అరవై దాటింది. రాత్రిపూట ఎదలో మంటగా, బరువుగా ఉందంటాడు. గ్యాస్ అనుకుంటున్నాం. ఈ-సంజీవనిలో అడిగితే సరిపోతుందా? – పత్తికొండ

జవాబు: సరిపోదు. ఈ ఉత్తరం మాకు చేరేలోపే మీరు ఆసుపత్రికి వెళ్లి ఉంటే బాగుండు. వెళ్లకపోతే ఈ పూటే వెళ్లి ఈసీజీ తీయించండి. మళ్లీ ఎదలో బరువు వచ్చి, చెమటలు పట్టి, ఎడమచేతికో దవడకో నొప్పి పాకితే ఏ యాప్‌నూ తెరవకుండా 108కి కొట్టండి.

ఇక్కడ టెక్నాలజీ చేసే మేలు మన కంటికి కనబడకుండా జరుగుతుంది. 2023 నుంచి మన రాష్ట్రంలో స్టెమీ అనే కార్యక్రమం నడుస్తోంది. దగ్గర్లోని చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీస్తారు, అది నెట్‌లో పెద్దాసుపత్రి గుండె డాక్టరుకు పోతుంది, ఆయన చూసి గుండెపోటేనని చెబితే రక్తనాళంలో గడ్డను కరిగించే సూది ఆ చిన్న ఆసుపత్రిలోనే వేస్తారు, ఆ తర్వాతే పెద్దాసుపత్రికి పంపుతారు. టెనెక్టెప్లేస్ అంటారు ఆ సూదిని, బయట కొంటే వేలకు వేలు, ఇక్కడ ఉచితం. నొప్పి మొదలైన తొలి గంటలో పడితే దాని విలువ వేరు. ఒకప్పుడు ఆ గంట కర్నూలు రోడ్డు మీదే గడిచిపోయేది. పేషెంటుకు ఫోను వచ్చా, చదువు వచ్చా అని ఇందులో ఎవరూ అడగరు, డిజిటల్ వైద్యం ఇట్లా ఉండాలి. మీరు చేయాల్సిందల్లా గ్యాస్ అనుకుని సోడా తాగించి పడుకోబెట్టకుండా ఉండటం.

వేరుశనగ చేలో పాము కరిచినా ఇదే మాట. వీడియో కాల్ వద్దు, కట్టు బిగించొద్దు, 108.

ప్రశ్న: మా వదినకు ఆరో నెల. సంక్రాంతి అయినాక సుగ్గికి గుంటూరు పక్క మిరప కోతలకు మా అన్నతో పోతానంటోంది, వద్దన్నా వినలేదు. అక్కడ సూదులు, చెకప్పులు ఎట్లా? – పెద్దకడబూరు, డిగ్రీ విద్యార్థిని

జవాబు: వద్దన్నా వినలేదని రాశావు గానీ చెల్లీ, ఇంట్లో గింజలుంటే ఎవరు మాత్రం ఆరో నెలలో మిరప చేలోకి పోతారు. సరే, పోతే పోనీ, పోయే ముందు మీ ఊరి నర్సమ్మ, అంటే ఏఎన్ఎం, దగ్గరకు ఒకసారి తీసుకెళ్లు. గర్భిణుల టీకాలు, పుట్టిన పిల్లల టీకాలు ఇప్పుడు యూ-విన్ అనే సర్కారు టీకాల రికార్డులో ఎక్కిస్తున్నారు. ఇక్కడ వేయించుకున్నది గుంటూరులో కనబడుతుంది, అక్కడ వేయించుకున్నది మళ్లీ ఇక్కడ కనబడుతుంది. కంప్యూటర్లో ఉంది కదా అని తల్లీబిడ్డల కార్డును ఇంట్లో పడేసి పోవద్దు, ప్లాస్టిక్ కవర్లో చుట్టి బట్టల మూటలో పెట్టించు, నీ ఫోనులో రెండు వైపులా ఫొటో తీసి ఉంచుకో. గుడారాలు వేసుకున్న ఊళ్లో మొదటి రోజే ఆశా ఎవరని అడిగి పేరు చెప్పించుకోమను. ‘మాది ఈ ఊరు కాదు’ అని మొహమాటపడి ఆగిపోయేవాళ్లే ఎక్కువ. ఐరన్ మాత్రలు నెలకు సరిపడా ముందే ఇప్పించు.

తలనొప్పి తగ్గకపోయినా, కళ్లు మసకబారినా, మొహం, చేతులు వాచినా, రక్తం కనబడినా, బిడ్డ కదలికలు తగ్గినా పని ఆపేసి 108. మేస్త్రీ ఏమంటాడోనని చూడొద్దు.

ప్రశ్న: నాకు కొన్ని నెలలుగా ఆడవాళ్ల సమస్య ఉంది. ఇంట్లో ఒక్కటే టచ్ ఫోను, అది తమ్ముడి దగ్గరుంటుంది. డాక్టరుతో మాట్లాడితే వాడికి తెలిసిపోతుంది. – మైదుకూరు

జవాబు: మీరొక్కరే కాదమ్మా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడో ఒకప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న ఆడవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, మగవాళ్లు 48.8 శాతం. అంటే నెట్‌లో డాక్టరు ఉన్నాడని మనం సంబరపడేటప్పుడు ఆ డాక్టరు ఎక్కువగా మగవాళ్లకే అందుబాటులో ఉన్నాడు. ఇప్పుడు కొంత మారి ఉండొచ్చు, కానీ ఫోను ఎవరి జేబులో ఉందన్న ప్రశ్న మాత్రం మీ ఇంట్లో ఉన్నట్టే చాలా ఇళ్లలో ఉంది.

తమ్ముడి ఫోను వద్దు. విలేజ్ క్లినిక్‌కు వెళ్లి సీహెచ్‌ఓకు విషయం చెప్పండి, మగ సీహెచ్‌ఓ అయితే ఏఎన్ఎంకు చెప్పండి. లేడీ డాక్టరును కలపమని అడగొచ్చు. తలుపు వేయమని, పక్కన కూర్చున్నోళ్లను బయటకు పంపమని అడగడం మీ హక్కు. సిగ్గుపడాల్సింది మీరు కాదు. నంబరు అడిగితే అమ్మ చిన్న సెల్లు నంబరు ఇవ్వండి, చీటీ కాగితం మీద తీసుకోండి. కొన్ని నెలలుగా అన్నారు కాబట్టి చేత్తో పరీక్ష చేయించుకోవాల్సి రావొచ్చు, డాక్టరు ప్రొద్దుటూరుకో కడపకో వెళ్లమంటే వాయిదా వేయకండి.

ఉత్తరం చివర నిద్ర పట్టడం లేదని, చచ్చిపోవాలనిపిస్తోందని కూడా రాశారు. 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరు 10న మొదలైంది, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా పడదు. దానికి నెట్ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు, ఏ ఫోనైనా సరే. ఈ మాట చదివిన రోజే చేయండి. మీకు నమ్మకమున్న మనిషి ఒకరికి, అమ్మకో స్నేహితురాలికో, ఇదే విషయం చెప్పండి కూడా.

ప్రశ్న: ‘వైద్య సేవ కార్డు అప్‌డేట్’ అని మా వాట్సాప్ గ్రూపులో ఒక ఏపీకే ఫైలు (నొక్కితే ఫోనులో యాప్ ఎక్కేది) తిరుగుతోంది. నొక్కాలా? – తాడిపత్రి

జవాబు: నొక్కొద్దు. ప్రభుత్వ పథకం ఏదీ ఇట్లా వాట్సాప్ గ్రూపులో తిరిగే ఏపీకే ఫైలుగా రాదు. నొక్కేసి ఉంటే నెట్ ఆపేసి, వేరే ఫోను నుంచి బ్యాంకుకూ, సైబర్ మోసాల నంబరు 1930కీ వెంటనే చెప్పండి. గ్రూపులో పెట్టిన మామకు కూడా చెప్పండి, ఆయన ఫోను ఆయన చేతిలో లేనట్టే లెక్క.

ప్రశ్న: మాది నల్లమల అంచున కాశినాయన మండలం. క్లినిక్ ఉంది, సీహెచ్‌ఓ మేడమ్ మంచిది, కానీ సిగ్నల్ లేదు. డాక్టరు మొహం వస్తుంది, నిలిచిపోతుంది, ‘హలో హలో’ అనేలోపు కట్ అవుతుంది. జనం విసుగెత్తి బద్వేలుకు ఆటో కడుతున్నారు. యువజన సంఘం తరఫున మేం ఏం చేయగలం?

జవాబు: మన పక్క చిత్తూరు జిల్లా అరగొండలో 2000లోనే టెలిమెడిసిన్ కేంద్రం పెట్టారు. అప్పటి నెట్‌తో నడిపారు దాన్ని! పాతికేళ్ల తర్వాత కూడా మీకు డాక్టరు మొహం నిలిచిపోతోందంటే లోటు యాప్‌లో లేదు, సిగ్నల్‌లో ఉంది.

వెంటనే చేయగలిగింది ముందు చెబుతా. వీడియో తెగిపోతే కాల్ మొత్తం వదిలేయకుండా మామూలు ఫోన్ కాల్‌లో సీహెచ్‌ఓ డాక్టరుతో మాట్లాడి, పుండు ఫొటోనో పాత చీటీ ఫొటోనో ముందే పంపి ఉంచితే పని జరుగుతుంది. పాత పేషెంట్లకు, అంటే బీపీ, షుగర్ వాళ్లకు, ఈ పద్ధతి చాలు. కొత్త జబ్బుతో వచ్చిన మనిషికి మాట మీదే అన్ని మందులూ రాయడానికి డాక్టరుకు వీల్లేదు, వాళ్లకు వీడియో కావాలి. కాబట్టి సిగ్నల్ ఏ వేళ బాగుంటుందో, క్లినిక్‌లో ఏ మూల ఏ సిమ్ పనిచేస్తుందో మీ కుర్రాళ్లు ఒక వారం చూసి మేడమ్‌కు చెప్పండి. వేరే కంపెనీ సిమ్ ఒకటి, దాన్ని వేసే చిన్న వైఫై డబ్బా ఒకటి సంఘం డబ్బుతో కొనిచ్చినా తప్పు లేదు, కాకపోతే అది మీరు కొనాల్సిన వస్తువు కాదు, అందుకే రెండో పని: టవరు అడగడం.

సిగ్నల్ లేని 24,680 ఊళ్లకు 4జీ టవర్లు వేయడానికి కేంద్రం 2022లో బీఎస్ఎన్ఎల్‌కు డబ్బు మంజూరు చేసింది. మీ ఊరు ఆ జాబితాలో ఉందో లేదో గ్రామ సచివాలయంలోనూ, బీఎస్ఎన్ఎల్ ఆఫీసులోనూ రాతపూర్వకంగా అడగండి. గ్రామసభలో తీర్మానం చేయించండి. తీర్మానంలో ‘సిగ్నల్ కావాలి’ అని రాస్తే అది సినిమాలకో రీల్స్‌కో అనుకుంటారు. ఫలానా తేదీన క్లినిక్‌లో ఇంతమంది డాక్టరు కోసం కూర్చున్నారు, ఇంతమందికి కాల్ కలవలేదు, ఇంతమంది ఆటోకు ఇంత ఖర్చు పెట్టుకుని బద్వేలు పోయారు అని నెల రోజుల లెక్క రాసిపెట్టండి. ఆ లెక్క మేడమ్‌తో రాయించొద్దు, ఆమె ఉద్యోగానికి ఇబ్బంది. మీరే నోటుపుస్తకం పెట్టుకుని రాయండి, ఆశా అక్కను కూడా కలుపుకోండి. ఎవరు మాత్రలు మానేశారో ఆమెకు ఇంటింటి సంగతీ తెలుసు. తీర్మానం, లెక్క రెండూ జతచేసి సోమవారం కడప కలెక్టరేట్‌లో అర్జీల దగ్గర ఇవ్వండి. ఇచ్చినట్టు రసీదు తీసుకుని, దాని ఫొటో మాకు కూడా పంపండి.